పోపులపెట్టె – మధుమేహం

తెలుగువారి వంటింట పోపులపెట్టెకు విశిష్టమైన స్థానం ఉన్నది. ఆవాలు, జీలకర్ర, మెంతులు, ఎండుమిరపకాయలు, మినపప్పు, శనగపప్పు, పసుపు, ఇంగువ – ఇవన్నీ చిన్నచిన్న గిన్నెలలో ఒకే చోట ఒదిగి ఉంటాయి. పప్పుకైనా, పులుసుకైనా, పచ్చడికైనా పోపు పడితేగాని రుచి రాదు. అయితే ఈ దినుసులు రుచికోసం మాత్రమే వంటలో చేరినవి కావు. ఋతువునుబట్టి, శరీరతత్త్వాన్నిబట్టి ఏ పదార్థం ఎప్పుడు తినాలో మన పూర్వులు ఆలోచించారు. శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’లో విష్ణుచిత్తుడు అతిథులకు వానకాలంలో ఒక విధమైన భోజనాన్ని, వేసవిలో మరొక విధమైన భోజనాన్ని, చలికాలంలో వేరొక విధమైన భోజనాన్ని వడ్డించినట్లు వర్ణించాడు. చలికాలపు భోజనంలో మిరియాల పొడి, ఆవపెట్టిన పచ్చళ్ళు కనిపిస్తాయి. ఆహారమూ ఔషధమూ వేరుకావన్న భావం ఇటువంటి వర్ణనల వెనుక ఉన్నది.

‘పెరటి చెట్టు మందుకు పనికిరాదు’ అని తెలుగులో ఒక సామెత ఉన్నది. చేతికందే వస్తువుకు విలువ ఇవ్వని మానవ స్వభావాన్ని అది ఎత్తిచూపుతుంది. నేటి పరిస్థితి ఇందుకు భిన్నం. మెంతులు నానబెట్టి తాగితే చాలునని, దాల్చినచెక్క పొడి తింటే మాత్రలు అక్కరలేదని, పసుపు సర్వరోగ నివారిణి అని ప్రచారం ఇంటింటికీ చేరుతున్నది. పెరటి చెట్టు మందుకు పనికిరాదనడం ఎంత పొరపాటో, అది ఉంటే మరే మందూ అక్కరలేదనడం అంతకంటె పెద్ద పొరపాటు. ఈ రెండింటి నడుమ ఉన్న సత్యాన్ని తెలుసుకోవడం మధుమేహం విషయంలో ప్రాణావసరం. ఎందుకంటే 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షలమంది మధుమేహంతో జీవిస్తున్నారు. మరో 13 కోట్ల 60 లక్షలమంది ఆ వ్యాధి అంచున ఉన్నారు.

ప్రాచీనుల పరిశీలన

మధుమేహం మనకు కొత్త వ్యాధి కాదు. చరక సంహిత, సుశ్రుత సంహిత దీనిని ప్రమేహ రోగాలలో ఒకటిగా పేర్కొన్నాయి. ప్రమేహాలు మొత్తం ఇరవై. వాటిలో కఫం వల్ల కలిగేవి పది, పిత్తం వల్ల కలిగేవి ఆరు, వాతం వల్ల కలిగేవి నాలుగు. మధుమేహం వాతజమైన వాటిలో చేరుతుంది. మూత్రం తేనెవలె తియ్యగా ఉండటంవల్ల దానికా పేరు వచ్చింది. రోగి మూత్రానికి చీమలు పట్టడాన్ని కూడా నాటి వైద్యులు గమనించారు.

రోగ కారణాలను చెప్పడంలోనూ వారి చూపు సూక్ష్మమైనది. కదలకుండా సుఖాసనాలలో కూర్చుండటం, అతినిద్ర, పెరుగు, పాలు, కొత్త ధాన్యం, బెల్లపు వంటకాలు మితిమీరి తినడం ప్రమేహానికి కారణాలని చరకుడు చెప్పాడు. సుశ్రుతుడు రోగులను రెండు విధాలుగా విభజించాడు. పుట్టుకతో వచ్చే లోపంవల్ల రోగం పొంది కృశించినవారు ఒక విధం. అపథ్యమైన ఆహారంవల్ల రోగం పొంది స్థూలకాయులైనవారు మరొక విధం. నేటి వైద్యులు చెప్పే మొదటి రకం, రెండవ రకం మధుమేహాలను ఈ విభజన స్మరింపజేస్తుంది. చికిత్సలో యవలతో చేసిన ఆహారానికి, శరీరశ్రమకు వారు పెద్దపీట వేశారు. నూరు యోజనాలు నడవాలనీ, బావులు తవ్వాలనీ సుశ్రుతుడు విధించడం వ్యాయామం పట్ల ఆనాటివారికి ఉన్న పట్టుదలకు నిదర్శనం. వాగ్భటుడు ప్రమేహానికి ఔషధాలలో ఉసిరికను, పసుపును శ్రేష్ఠమైనవిగా నిర్ణయించాడు.

ఇక్కడ ఒక విషయాన్ని విద్యార్థులు శ్రద్ధగా గమనించాలి. ఇన్ని ఔషధాలు తెలిసిన ఆ ప్రాచీనులే వాతజ ప్రమేహాన్ని ‘అసాధ్యం’ అన్నారు. అంటే పూర్తిగా నయం చేయగలమని వారు చెప్పుకోలేదు. తమ శాస్త్రపు హద్దు తమకు తెలిసిన వైద్యులు వారు. నేడు ఆ పూర్వుల పేరు చెప్పి, మధుమేహాన్ని సమూలంగా తొలగిస్తామని ప్రకటించేవారు నిజానికి ఆ పూర్వుల మాటనే కాదంటున్నారు.

వ్యాధి స్వరూపం

మనం తిన్న అన్నం, రొట్టె, పండు మొదలైన వాటిలోని పిండిపదార్థాలు జీర్ణమై గ్లూకోజు అనే చక్కెరగా మారుతాయి. చిన్నప్రేవుల ద్వారా అది రక్తంలో చేరుతుంది. రక్తంలోని గ్లూకోజు కణాలలోకి ప్రవేశించి శక్తిగా మారాలంటే ఇన్సులిన్ అనే హార్మోను కావాలి. క్లోమగ్రంథిలోని లాంగర్‌హాన్స్ పుటికలు దీనిని స్రవిస్తాయి. ఇన్సులిన్‌ను కణం తలుపు తెరిచే తాళంచెవితో పోల్చవచ్చు.

మొదటి రకం మధుమేహంలో శరీరం తన పుటికలను తానే నాశనం చేసుకుంటుంది. తాళంచెవి దాదాపుగా లేకుండాపోతుంది. ఇది ఎక్కువగా బాల్యంలో, యౌవనంలో బయటపడుతుంది. రెండవ రకంలో తాళంచెవి ఉంటుంది కాని తాళం బిగుసుకుపోతుంది. కాలక్రమంలో చెవి కూడా అరుగుతుంది. పెద్దలలో కనిపించేది చాలావరకు ఈ రెండవ రకమే. గర్భిణీ స్త్రీలలో కొందరికి తాత్కాలికంగా వచ్చేది మరొక రకం.

పరగడుపున పరీక్షించినప్పుడు డెసిలీటరు రక్తంలో గ్లూకోజు 100 మిల్లీగ్రాముల లోపు ఉండటం ఆరోగ్యకరం. అది 126 గాని అంతకు మించి గాని ఉంటే మధుమేహంగా భావించి, మరొకసారి పరీక్షించి నిర్ధారిస్తారు. గడచిన రెండు మూడు నెలల సగటును తెలిపే మరొక పరీక్ష ఉన్నది. దానిలో ఫలితం 6.5 శాతం గాని అంతకంటె ఎక్కువ గాని ఉంటే అది వ్యాధికి గుర్తు.

రక్తంలో పెరిగిన చక్కెర వెంటనే బాధపెట్టకపోవచ్చు. అదే ఈ వ్యాధిలోని మోసం. నొప్పి లేదు కనుక రోగి నిశ్చింతగా ఉంటాడు. లోలోపల మాత్రం కంటిలోని సన్నని రక్తనాళాలు, మూత్రపిండాలు, నరాలు, గుండె దెబ్బతింటూనే ఉంటాయి. పాదానికి స్పర్శ తగ్గి, గుచ్చుకున్న ముల్లు తెలియక, ఆ పుండు మానక, కాలినే కోల్పోయినవారు ఎందరో ఉన్నారు. కనుక ఏ దినుసు ఎంతవరకు పనిచేస్తుందన్న ప్రశ్న కుతూహలానికి సంబంధించినది కాదు. కంటిచూపుకు, కాళ్ళకు, ప్రాణానికి సంబంధించినది.

మెంతులు

మధుమేహానికి సంబంధించి వంటింటి దినుసులలో ముందుగా చెప్పుకోదగినవి మెంతులు. వీటిని గురించి చెప్పుకోదగిన పరిశోధన తెలుగునేల మీదనే జరిగింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు 1918లో కూనూరులో బీజం పడింది. 1958లో అది హైదరాబాదుకు తరలివచ్చింది. 1980వ దశకం నుండి ఈ సంస్థ శాస్త్రజ్ఞులు మెంతులను మధుమేహ రోగుల ఆహారంలో చేర్చి ఫలితాలను పరిశీలించారు. 1990లో వెలువడిన ఒక పరిశోధనలో మొదటి రకం మధుమేహం ఉన్న కొద్దిమందికి, నూనె తీసిన మెంతిపిండిని రోజుకు 100 గ్రాముల చొప్పున రెండు పూటల భోజనంలో కలిపి పదిరోజులు ఇచ్చారు. పరగడుపు చక్కెర తగ్గింది. రోజు మొత్తంలో మూత్రం ద్వారా పోయే చక్కెర 54 శాతం తగ్గింది. రెండవ రకం మధుమేహం ఉన్నవారిలో ఇంతకంటె తక్కువ మోతాదులతోనూ ప్రయోజనం కనిపించింది.

ఈ ప్రభావానికి కారణం మెంతుల నిర్మాణంలోనే ఉన్నది. మెంతిగింజ బరువులో దాదాపు సగం పీచుపదార్థమే. అందులో నీటిని పీల్చుకొని జిగురుగా ఉబ్బే భాగం గణనీయంగా ఉంటుంది. మెంతులు నానబెట్టిన నీరు బంకగా మారడం ప్రతి ఇల్లాలికీ తెలిసినదే. ఈ జిగురు జీర్ణాశయంలో ఆహారంతో కలిసి దాని కదలికను నెమ్మదింపజేస్తుంది. ఫలితంగా గ్లూకోజు ఒక్కసారిగా రక్తంలో పడక కొద్దికొద్దిగా చేరుతుంది. అంతేగాక మెంతులలోని ఒక అమైనో ఆమ్లం ఇన్సులిన్ స్రావాన్ని ప్రోత్సహిస్తున్నట్లు ప్రయోగశాలలలో గమనించారు.

అయితే మోతాదును లెక్కవేసి చూడాలి. చెంచాడు మెంతులు సుమారు 4 గ్రాములు తూగుతాయి. పోపులో వేసే మెంతులు అందులో పావు వంతు కూడా ఉండవు. పైగా ఆ పావు వంతును ఇంటిల్లిపాదీ పంచుకుంటారు. పరిశోధనలలో వాడిన 25 గ్రాములంటే ఆరు చెంచాలు. 100 గ్రాములంటే ఇరవై అయిదు చెంచాలు. కనుక పోపులోని మెంతులు రుచికే. అవి చక్కెరను తగ్గిస్తాయనుకోవడం అత్యాశ. మెంతులను నానబెట్టి మజ్జిగలో గాని, పిండి చేసి రొట్టెలలో గాని పప్పులో గాని కలిపి తినేవారు కొద్ది మోతాదుతో ఆరంభించడం మంచిది. ఒక్కసారిగా ఎక్కువ తింటే కడుపుబ్బరం, విరేచనాలు కలుగుతాయి. నానబెట్టిన నీటిని మాత్రమే తాగి గింజలను పారవేయడం పొరపాటు. పీచు ఎక్కువగా గింజలోనే ఉండిపోతుంది.

దాల్చినచెక్క

దాల్చినచెక్కకు ఇటీవల వచ్చినంత ప్రచారం మరే దినుసుకూ రాలేదు. 2003లో పాకిస్తాన్‌లో జరిగిన ఒక పరిశోధన ఇందుకు కారణం. రెండవ రకం మధుమేహం ఉన్న 60 మందిలో కొందరికి రోజుకు 1, 3, 6 గ్రాముల చొప్పున దాల్చినచెక్క పొడిని, మిగిలినవారికి మందులేని గొట్టాలను 40 రోజులపాటు ఇచ్చారు. దాల్చినచెక్క తిన్నవారిలో పరగడుపు చక్కెర 18 నుండి 29 శాతం వరకు తగ్గింది. ఈ వార్త ప్రపంచమంతటా వ్యాపించింది.

శాస్త్రం ఒక్క పరిశోధనతో తృప్తిపడదు. అదే ప్రయోగాన్ని ఇతరులు చేసినప్పుడు అదే ఫలితం రావాలి. తరువాత అనేక దేశాలలో జరిగిన ప్రయోగాలలో కొన్ని అనుకూలంగా, కొన్ని ప్రతికూలంగా వచ్చాయి. 2012లో కొక్రేన్ సంస్థ 10 ప్రయోగాలను, వాటిలో పాల్గొన్న 577 మంది వివరాలను సమీక్షించి, మధుమేహానికి దాల్చినచెక్కను సిఫారసు చేయడానికి తగిన ఆధారం లేదని తేల్చింది. మొదటి వార్త విన్నవారిలో చాలామందికి ఈ రెండవ వార్త చేరలేదు.

దీనితోబాటు తెలుసుకోవలసిన ప్రమాదం ఒకటి ఉన్నది. మన బజార్లలో దాల్చినచెక్క పేరుతో లభించేది చాలావరకు కాసియా అనే జాతి బెరడు. ఇది మందంగా, గట్టిగా ఉంటుంది. శ్రీలంక నుండి వచ్చే అసలు దాల్చిన పలుచగా, పొరలు పొరలుగా చుట్టుకొని ఉంటుంది. కాసియాలో కౌమరిన్ అనే పదార్థం ఎక్కువ. అసలు దాల్చినలో అతిస్వల్పం. కౌమరిన్ మితిమీరితే కొందరిలో కాలేయం దెబ్బతింటుంది. శరీర బరువులో కిలోగ్రాముకు రోజుకు 0.1 మిల్లీగ్రాము మించరాదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ పరిమితి విధించింది. 60 కిలోల మనిషికి అది 6 మిల్లీగ్రాములు. సుమారు 2 గ్రాముల కాసియా పొడిలోనే అంత కౌమరిన్ ఉండవచ్చు. అంటే రోజూ రెండు మూడు చెంచాల పొడి మింగేవారు చక్కెర సంగతి ఎలా ఉన్నా కాలేయాన్ని పణంగా పెడుతున్నారన్నమాట. బిర్యానీలో ముక్క వేయడంవల్ల ఇటువంటి ప్రమాదం లేదు.

పసుపు

మంగళద్రవ్యంగా, క్రిమిసంహారిణిగా, వంటకానికి వన్నెగా తెలుగువారి జీవితంలో పసుపు పెనవేసుకొన్నది. నిజామాబాదు, దుగ్గిరాల పసుపు విపణులు దేశమంతటా ప్రసిద్ధి. పసుపుకు ఆ రంగునిచ్చే కర్‌క్యుమిన్ అనే పదార్థానికి వాపును, మంటను తగ్గించే గుణం ఉన్నట్లు ప్రయోగశాలలలో తేలింది. రెండవ రకం మధుమేహంలో శరీరమంతటా సన్నగా రగిలే తాపం ఒక భాగం కనుక, కర్‌క్యుమిన్ మేలు చేయవచ్చునన్న ఆలోచనతో పరిశోధనలు సాగుతున్నాయి.

అయితే పసుపులో కర్‌క్యుమిన్ సుమారు 3 శాతం మాత్రమే. కూరలో వేసే పావు చెంచా పసుపు నుండి లభించేది కొద్ది మిల్లీగ్రాములు. ప్రయోగాలలో వందల మిల్లీగ్రాముల సారాన్ని వాడారు. పైగా కర్‌క్యుమిన్ రక్తంలో సులభంగా చేరదు. 1998లో బెంగళూరు పరిశోధకులు కర్‌క్యుమిన్‌తోబాటు మిరియాలలోని పైపరిన్‌ను 20 మిల్లీగ్రాములు ఇచ్చినప్పుడు అది శరీరానికి అందే పరిమాణం 20 రెట్లు పెరిగినట్లు కనుగొన్నారు. పసుపునూ మిరియాలనూ కలిపి వండే అలవాటు మనకు పూర్వం నుండి ఉండటం గమనింపదగినది. కాని ఇదే విషయాన్ని ఆధారం చేసుకొని, గాఢమైన పసుపు సారాన్ని పైపరిన్‌తో కలిపి మాత్రలుగా అమ్ముతున్నారు. అటువంటి మాత్రలు వాడినవారిలో కొందరికి కాలేయ వ్యాధి వచ్చినట్లు అమెరికా వైద్యులు ఇటీవలి సంవత్సరాలలో నమోదు చేశారు. వంటలోని పసుపు వేరు, మాత్రలోని పసుపు వేరు. మెరుపుకోసం సీసం కలిసిన రంగును పసుపులో కల్తీ చేయడం కూడా ఉన్నది కనుక, కొమ్ములు కొని ఇంట దంచుకోవడమో, నమ్మదగినచోట కొనడమో శ్రేయస్కరం.

తక్కిన దినుసులు

జీలకర్ర, ధనియాలు, కరివేపాకు, అల్లం, వెల్లుల్లి, నల్లజీలకర్ర మొదలైన వాటిపైనా పరిశోధనలు జరిగాయి. వాటిలో అధికభాగం ఎలుకలపై జరిగినవి. మనుషులపై జరిగినవి చిన్నవి, స్వల్పకాలికమైనవి. ఎలుకకు మేలు చేసినదంతా మనిషికి మేలు చేయాలన్న నియమం లేదు. కాబట్టి వీటిని ఔషధాలుగా కాక మంచి ఆహారపు అంగాలుగా భావించడమే యుక్తం.

వీటివల్ల కలిగే మరొక ప్రయోజనాన్ని ఎవరూ అంతగా ప్రస్తావించరు. దినుసులు దట్టంగా పడిన కూరకు ఉప్పు తక్కువైనా రుచి లోపించదు. మధుమేహం ఉన్నవారిలో చాలామందికి రక్తపోటు కూడా ఉంటుంది. రోజుకు 5 గ్రాముల కంటె తక్కువ ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ధనియాల పొడి, జీలకర్ర, అల్లం, నిమ్మరసం ఉప్పు లోటును తీర్చగలవు. ఆవకాయలో మెంతిపిండి ఉన్నది కదా అని ఎక్కువ తినేవారు అందులోని ఉప్పును, నూనెను మరువరాదు.

మొక్క నుండి మందు వరకు

మొక్కలను తక్కువచేసి చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. నేడు రెండవ రకం మధుమేహానికి ప్రపంచమంతటా విరివిగా వాడే మెట్‌ఫార్మిన్ అనే మందు పుట్టుక ఒక మొక్కతోనే ముడిపడి ఉన్నది. ఐరోపాలో గలేగా అనే మొక్కను పూర్వం నాటువైద్యంలో వాడేవారు. అది కూడా మెంతివలెనే చిక్కుడు కుటుంబానికి చెందినది. అందులో చక్కెరను తగ్గించే పదార్థం ఉన్నదని తేలింది కాని అది విషతుల్యం. రసాయన శాస్త్రజ్ఞులు దానిని పోలిన, అపాయం తక్కువగల పదార్థాలకోసం అన్వేషించారు. 1922లో మెట్‌ఫార్మిన్‌ను తయారుచేశారు. 1957లో ఫ్రెంచి వైద్యుడు జాన్ స్టెర్న్ మధుమేహ రోగులపై దాని ఫలితాలను ప్రకటించాడు. మొక్క మందుగా మారడానికి ఇంత కాలం, ఇంత పరీక్ష అవసరమైనాయి. మాత్రలో ఎంత మందు ఉన్నదో కచ్చితంగా తెలుసు. గుప్పెడు గింజలలో ఎంత ఉన్నదో నేలనుబట్టి, ఋతువునుబట్టి, నిల్వనుబట్టి మారుతుంది.

మందు మానితే కలిగే అనర్థం

ఇన్సులిన్ కనుగొనకముందు మొదటి రకం మధుమేహం సోకిన బాలలు కొద్ది నెలలలోనో, ఒకటి రెండేళ్ళలోనో మరణించేవారు. ఆకలితో మాడ్చడం తప్ప వైద్యుల చేతిలో వేరే సాధనం లేదు. 1921లో కెనడాలోని టొరంటోలో ఫ్రెడరిక్ బాంటింగ్, చార్లెస్ బెస్ట్ ఇన్సులిన్‌ను వేరుచేశారు. 1922 జనవరిలో లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ళ బాలునికి దానిని తొలిసారిగా ఇచ్చారు. మొదటి సూది ఫలించలేదు. జేమ్స్ కాలిప్ మందును శుద్ధిచేసిన తరువాత, కొద్దిరోజులకు ఇచ్చిన సూదితో బాలుడు తేరుకున్నాడు. మరణం అంచున ఉన్న ఆ బాలుడు ఆపై పదమూడేళ్ళు జీవించాడు. 1923లో బాంటింగ్‌కు, మెక్లియాడ్‌కు నోబెల్ బహుమతి లభించింది. బాంటింగ్ జన్మదినమైన నవంబరు 14వ తేదీని ప్రపంచ మధుమేహ దినంగా పాటిస్తున్నారు.

ఈ చరిత్ర తెలిసినవారు మొదటి రకం మధుమేహం ఉన్న బిడ్డకు ఇన్సులిన్ మాన్పించి కషాయాలు పట్టడానికి సాహసించరు. పుటికలే నశించినచోట ఏ దినుసూ ఇన్సులిన్‌ను పుట్టించలేదు. సూది మానిన కొద్ది రోజులలోనే రక్తం ఆమ్లపూరితమై, వాంతులు, ఆయాసం కలిగి, స్పృహ తప్పి, ప్రాణమే పోవచ్చు. రెండవ రకం వారు మాత్రలు మానితే కీడు ఇంత వేగంగా రాదు. నెమ్మదిగా, కనిపించకుండా వస్తుంది. మధుమేహాన్ని నయం చేస్తామనే ప్రకటనలను మన దేశంలో 1954 నాటి ఔషధ, మాంత్రిక చికిత్సల చట్టం నిషేధించింది. ఆ చట్టపు జాబితాలో మధుమేహం పేరు ఉన్నది. అయినా అటువంటి ప్రకటనలు కనిపిస్తూనే ఉన్నాయి.

మందులు వేసుకుంటూనే దినుసులను పెద్దమోతాదులో తినేవారికి మరొక ప్రమాదం పొంచి ఉన్నది. ఇన్సులిన్ గాని కొన్ని మాత్రలు గాని వాడేవారు మెంతులు అధికంగా తింటే చక్కెర 70 మిల్లీగ్రాముల కంటె తక్కువకు పడిపోవచ్చు. అప్పుడు చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబాటు కలుగుతాయి. వెంటనే మూడు చెంచాల చక్కెర గాని గ్లూకోజు గాని నీటిలో కలిపి తాగించాలి. స్పృహలేని వారి నోట ఏదీ పోయరాదు, ఆసుపత్రికి చేర్చాలి. ‘లంఖణం పరమౌషధం’ అన్న నానుడి వీరికి వర్తించదు. రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవారు, గర్భిణులు, శనగలు, వేరుశనగలు పడనివారు మెంతులను ఔషధంగా వాడేముందు వైద్యుని సంప్రదించాలి. మెంతుల జిగురు మందులు రక్తంలో చేరడాన్ని కూడా ఆలస్యం చేయవచ్చు కనుక రెంటినీ ఒకే సమయంలో తీసుకోరాదు.

వంటింట చేయదగినది

దినుసు ఎంత మంచిదైనా అది కంచంలో ఒక మూల. అన్నమే కంచం నిండా ఉంటుంది. అన్నపు రాశి తగ్గకుండా చెంచాడు మెంతులతో చక్కెరను అదుపు చేయాలనుకోవడం, తూము తెరిచిపెట్టి చెరువును దోసిలితో నింపాలనుకోవడమే. మరపట్టిన తెల్లబియ్యం త్వరగా గ్లూకోజుగా మారుతుంది. కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పావు వంతు పప్పు గాని గుడ్డు, చేప వంటివి గాని, మిగిలిన పావు మాత్రమే అన్నం లేక జొన్నరొట్టె ఉండేటట్లు చూసుకోవాలి. దినుసుల అసలు ఉపయోగం ఇక్కడే. చప్పగా ఉంటే ఎవరూ తినని సొరకాయను, బీరకాయను, మెంతికూరను రుచిగా తినిపించేది పోపే. అన్నం తగ్గి కూర పెరిగితే దినుసు తన పని చేసినట్లే.

బెల్లం, తేనె సహజమైనవి కనుక హాని చేయవని కొందరి నమ్మకం. క్లోమగ్రంథికి ఆ భేదం తెలియదు. అవి కూడా చక్కెరలే. పసుపు పాలలో బెల్లం కలిపి మందని తాగడం తెలిసి చేసే పొరపాటు.

నడక ప్రాముఖ్యం చెన్నై వైద్యులు 2006లో ప్రకటించిన పరిశోధనలో వెల్లడైంది. వ్యాధి అంచున ఉన్న 531 మందిని వారు సుమారు మూడేళ్ళు పరిశీలించారు. ప్రత్యేక శిక్షణ లేనివారిలో 55 శాతం మంది మధుమేహులైనారు. ఆహార నియమం, నడక పాటించినవారిలో అది 39.3 శాతం. అంటే ముప్పు సుమారు 28 శాతం తగ్గింది. వారానికి కనీసం 150 నిమిషాల నడక అందరికీ సాధ్యమైనదే. రెండవ రకం మధుమేహం తొలిదశలో ఉన్న కొందరు బరువు గణనీయంగా తగ్గి, వైద్యుని పర్యవేక్షణలో మందుల అవసరం లేకుండా ఉండగలిగారు. ఆ మేలు బరువు తగ్గడంవల్ల కలిగినదే గాని ఒక గింజ, ఒక బెరడు వల్ల కలిగినది కాదు.

కనుక మధుమేహం ఉన్నవారి ఇంట పోపులపెట్టెను మూసివేయనక్కరలేదు. మందులపెట్టె స్థానంలో దానిని పెట్టనూ కూడదు. కొత్తగా ఏ దినుసునైనా ఎక్కువగా తినదలచినవారు ఆ సంగతిని వైద్యునికి దాచకుండా చెప్పాలి. మొదలుపెట్టకముందు, మొదలుపెట్టిన కొద్దివారాల తరువాత రక్తపరీక్ష చేయించుకోవాలి. చక్కెర తగ్గిందో లేదో చెప్పవలసినది ఆ పరీక్షే గాని ఇరుగుపొరుగు మాట కాదు. ఫలితం చూసి మందు తగ్గించాలో, అలాగే ఉంచాలో వైద్యుడు నిర్ణయిస్తాడు. ఈ విషయాన్ని చదువుకున్న యువతీయువకులు తమ ఇళ్ళలోని పెద్దలకు ఓర్పుతో విడమరచి చెప్పగలిగితే ఎన్నో కళ్ళు, ఎన్నో కాళ్ళు, ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి.